కాగితం వణికితే రెండు మాత్రలు

తన పాడె తానే కట్టుకోవడం ఎలాగో తెలుసుకోవాలంటే మీరు దూరం పోనక్కర్లేదు, నా పక్కన కూర్చోండి చాలు. వెదురు నరకక్కర్లేదు, తాడు పేనక్కర్లేదు. ఒక కాగితం ముక్క, ఒక మాత్రల డబ్బా, నాకంటే తెలిసినవాళ్ళు లేరన్న ధీమా, ఈ మూడూ ఉంటే పని మూడు నెలల్లో పూర్తవుతుంది. నేను పూర్తి చేయబోయాను. చివరి ముడి దగ్గర మా కోడలు చెయ్యి పట్టుకుంది గనక ఇవాళ కూర్చుని ఇది రాస్తున్నాను. మీరు నవ్వుకోండి. నేను మాత్రం సగం దాకానే నవ్వగలను.

అప్పటికి నాకు అరవై నిండలేదు, అంటే పిల్లతనం ఇంకా పూర్తిగా పోలేదు. తమిళనాడులో, తేని దగ్గర చిన్నమనూరు పక్కన మాకొక ద్రాక్ష తోట ఉంది. మా ఆయన పోయాక పదేళ్ళుగా ఆ పందిరి కింద పెత్తనం నాదే. బడిలో మూడో తరగతి దాకా తమిళం, ఇంట్లో మా నాయన ఇసుకలో దిద్దించిన తెలుగక్షరాలు, అదీ నా చదువు. కానీ ద్రాక్ష ఆకును చదవడంలో మా లోయ మొత్తంలో నాకు సాటి లేరని నా నమ్మకం. బూజు తెగులు ఆకు అడుగున పుడుతుంది. పైన చూస్తే పచ్చగా పెళ్ళికూతురులా కళకళలాడుతుంటుంది, తిప్పి చూస్తే అడుగున తెల్లటి నూగు. కొత్తగా పనికి వచ్చినవాళ్ళకు మా ఆయన మొదటి రోజే చెప్పేవాడు: "ఆకుకి రెండు మొగాలు ఉండాయి. పై మొగం అబద్ధం చెప్తాది." ఆయన తరువాత ఆ మాట నేను చెప్పేదాన్ని. ఎవరైనా ఆకు తిప్పకుండా ముందుకు పోతే వాళ్ళ ఏడు తరాలనూ పేరుపేరునా పిలిచి వెనక్కి తెచ్చి తిప్పించేదాన్ని. ఈ సంగతి గుర్తుంచుకోండి. తరువాత నన్ను తిట్టడానికి మీకు పనికొస్తుంది.

ఆకు తిప్పాక సూత్రం ఒకటే. మచ్చ కనిపిస్తే మందు కొట్టు, కనిపించకపోతే మందు దండగ. దండగ అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అరిగి రేకులా పల్చబడ్డ సబ్బును కొత్త సబ్బుకు అతికించేదాన్ని. నిరుటి క్యాలెండరు ఈ ఏటి పప్పు డబ్బాల కింద పరిచేదాన్ని. దేవుడు రెండు చెవులిచ్చాడు గదా, ఒకదానితోనే వింటూ రెండోది అరిగిపోకుండా దాచుకునే రకం నేను.

ఆ ఏడు పురటాసి నెలలో, అంటే సెప్టెంబరు నడుమ, నా ఒళ్ళు నా మాట వినడం మానేసింది. ఇద్దరి తిండి తింటున్నాను, రవికలు మాత్రం రోజురోజుకూ వదులైపోతున్నాయి. పందిరి నీడలో నిలబడినా చెమట కాలువలు కట్టేది. గుండె బావిమీది మోటారులా కొట్టుకునేది, దానికి స్విచ్చి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. కాఫీ గ్లాసు పట్టుకుంటే సగం కాఫీ నోటికి, సగం చీరకు. కోపం కూడా పెరిగిందట. అది మాత్రం ఇంట్లో ఎవరూ గమనించలేదు, మునుపటికీ దానికీ తేడా తెలియలేదు గనక.

మా కోడలు సుజాతే మొదట అన్నది. మెత్తగా మాట్లాడే పిల్ల, కానీ మాట మాత్రం మేకులా దిగుతుంది.

"అత్తా, మీరు తినేదంతా ఏడకి పోతాండాది?"

"నా ఇంటి తిండి, నా ఒళ్ళు. ఏడకి పోతే నీకేంటికి?"

"ఒళ్ళుకి పోలేదు గదా అత్తా, అందుకని అడిగితిని."

మా అబ్బాయి వరదరాజు తేనికి తీసుకుపోయాడు. అక్కడ డాక్టరమ్మ చిన్న వయసుదే, కళ్ళజోడు వెనక నుంచి మనిషిని స్కాను తీసేలా చూస్తుంది. రక్తం పరీక్ష చేయించి, గొంతు దగ్గరుండే థైరాయిడ్ గ్రంథి అదుపు తప్పి ఎక్కువగా పనిచేస్తోందని చెప్పింది. ఆమె మాట్లాడింది తమిళం, నేను మన మాటలో రాస్తున్నాను.

"చేతులు చాచండి పాట్టి," అన్నది. పాట్టి అంటే అవ్వ. చాచాను. వేళ్ళ మీద ఒక కాగితం పరిచింది. ఆ కాగితం ఈదురుగాలికి చిక్కుకున్న లేత ఆకులా గజగజ వణికింది.

"చూశారా? ఈ జబ్బు గుర్తుల్లో ఇదొకటి."

చూశాను. ఎంత బాగా చూశానంటే, ఆ తరువాత ఆమె చెప్పిందేదీ నా తలలోకి పోలేదు. ఆకు, మచ్చ, మందు. నాకు తెలిసిన శాస్త్రమే గదా ఇది అనుకున్నాను.

ఆమె మాత్రం చెబుతూనే ఉంది. రోజుకు మూడు మాత్రలు, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. మందు పట్టుకోవడానికి వారాలు పడుతుంది. నాలుగు వారాలకు మళ్ళీ రక్తం ఇచ్చి రావాలి, దాన్ని చూసి తానే తగ్గిస్తుంది, తానే పెంచుతుంది, ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదు. ఆ పరీక్షకు ఒక చీటీ రాసిచ్చింది. ఇచ్చేటప్పుడు గొంతు నొప్పి అనో జ్వరం అనో ఇంకేదో కూడా అన్నది. ఆ వేళకు నేను వంగి బల్ల కింద చెప్పులు వెతుక్కుంటున్నాను. పైగా ఆమె కూర్చున్నది నేను దాచుకున్న చెవి వైపు.

మొదటి నాలుగు వారాలు బుద్ధిగా మూడేసి మాత్రలు వేసుకున్నాను. మోటారు నెమ్మదించింది, చెమట తగ్గింది, కాఫీ మొత్తం నోట్లోకే పోయింది. సరిగ్గా అప్పుడే రక్తం ఇచ్చే రోజు, ఒక పందిరి కోతకు వచ్చిన రోజు ఒకటయ్యాయి.

"అమ్మా, రేపు తేనికి పోవాల," అన్నాడు వరదరాజు.

"ఏంటికి?"

"రక్తం చూపిచ్చేకి."

"ఒళ్ళు బాగుండాది గదా. బాగుండే ఒంట్లో రక్తం తీసి ఏం చూస్తారు?"

"మాత్ర ఎంత వెయ్యాలనో చూస్తారు."

"అది నేనే చూస్తా," అన్నాను. ఇదిగో, ఇక్కడే నా పాడెకు మొదటి బద్ద పడింది.

మరునాడు పొద్దున మొహం కడుక్కుని, కాఫీకి ముందు, వంటింట్లో పీట వేసుకుని కూర్చున్నాను. ఫ్యాను ఆపించాను. కిటికీ మూయించాను. నా పరీక్ష నిక్కచ్చిగా ఉండాలి గదా. చెయ్యి చాచాను. మీద పరచడానికి కాగితం కావాలి. మంచి కాగితం దండగ చేసే ఇల్లు కాదు మాది. సంచిలో ఊరికే పడి ఉన్నది ఒకటే, డాక్టరమ్మ రాసిన ఆ పరీక్ష చీటీ. రాసిన వైపు పైకి పెట్టి వేళ్ళ మీద పరిచాను. కదలలేదు.

"మచ్చ లేదు," అన్నాను.

"ఏ మచ్చ అత్తా?" అన్నది సుజాత.

"ఇవాళ మాత్ర లేదు అని చెప్తాండా."

రెండు రోజుల్లో చట్టం తయారైంది. కాగితం వణికితే పొద్దున రెండు మాత్రలు, మధ్యాహ్నం రెండు. కొంచెం కదిలితే ఒకటి. కదలకపోతే పస్తు. ఇంత తేలికైన సంగతికి ఏళ్ళకేళ్ళు చదువుకోవడం ఏమిటని డాక్టర్ల మీద నాకు జాలి కూడా కలిగింది.

వరదరాజు ఒప్పుకోలేదు. "కాగితం చూసి మాత్ర వేస్తారా ఎవరన్నా? అదేమన్నా ల్యాబా?"

"ల్యాబులో మాత్రం ఏమిస్తాడు రా? కాగితమే గదా ఇస్తాడు."

వాడు లేచి తోటలోకి పోయాడు. గెలిచానన్న సంతోషంలో నేను ఆ రోజు ఒక మాత్ర తగ్గించాను.

సుజాత మాత్రం అంత తేలిగ్గా వదలలేదు. "అత్తా, మాత్రకి ఒక అళవు, ఒక కొలత ఉంటాది గదా. మనమే కూట్టడం తగ్గించడం తప్పు గదా."

"నువ్వు రసానికి ఉప్పు చేత్తో వేస్తావా, తూచి వేస్తావా?"

"చేత్తోనే అత్తా."

"మరి?"

"రసం చెడితే పారబోస్తాం అత్తా," అన్నది పాత్ర తోముతూ, తల ఎత్తకుండా.

ఆ మాటకు నేను జవాబు చెప్పలేదు. జవాబు లేక కాదు, చెప్తే నా మర్యాదకు లోటని అనుకున్నాను. ఇప్పుడు చెప్తున్నాను, జవాబు లేకే.

తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందంటారు. మా వనం దూరాన అవినాశి ఊరి దాకా ఉంది. అక్కడ బనియన్ల పని చేసే ఇంట మా ఆడబిడ్డ ఆండాళమ్మ ఉంటుంది. ఆమెకూ ఇదే జబ్బు, ఇవే మాత్రలు. ఫోను చేసినప్పుడు నేను కనిపెట్టిన శాస్త్రం మొత్తం ఆమెకు ధారపోశాను.

"నిజంగానా వదినా? రక్తం తియ్యక్కర్లేదా?"

"నువ్వు ముందు చెయ్యి చాచి చూడు. అంతా కాగితమే చెప్తాది."

"మీరు చెప్తే సరిగానే ఉంటాది వదినా," అన్నది. ఆ మాట ఎంత తియ్యగా ఉందో, తరువాత అంత చేదైంది.

రెండో నెల సగానికి కాగితం మళ్ళీ వణకడం మొదలుపెట్టింది. వణకదా మరి? పస్తు పెట్టిన రోజులు ఎక్కువై, లోపల మోటారు మళ్ళీ వేగం అందుకుంది. నేను నా చట్టం ప్రకారం రెండూ రెండూ నాలుగు వేసుకున్నాను. మరునాడూ వణికింది. ఐదు వేసుకున్నాను. ఇవాళ కొట్టిన మందుకు రేపటికి మచ్చ మాయం కావాలని చూసే రైతు ఉంటే నేనే చెంప పగలగొట్టేదాన్ని. నా చెంప పగలగొట్టడానికి ఎవరున్నారు?

మార్గళి నెల, మన ధనుర్మాసం, వచ్చింది. మంచు దిగుతోంది. ఒకనాడు లేవగానే గొంతు నొప్పి. మింగితే ముల్లు దిగినట్టు ఉంది. ముందురోజు కోతవాళ్ళ మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అరిచాను, గుత్తులు నేలకు తగిలిస్తున్నారని. గొంతు పోయింది అందుకేనని తేల్చేశాను. మిరియాలు, శొంఠి, కర్పూరవల్లి అనే వామాకు వేసి కషాయం కాచుకుని తాగాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నా విషయంలో నాలుకతో పోయేది కాదు, దాన్ని మోసే మనిషే ఊడిపోయేది.

రెండో రోజు నోట్లో పుళ్ళు. వేడి చేసిందన్నాను, కొబ్బరినీళ్ళు తాగాను. మూడో రోజు జ్వరం. ఒళ్ళు పెనంలా కాలుతూనే లోపల చలి. ఆ స్థితిలో కూడా పీట మీద కూర్చుని ఫ్యాను ఆపించి చెయ్యి చాచాను. చీటీ వేళ్ళ మీద నిలవనే లేదు. పడిపోయింది.

పడిపోతే ఎన్ని మాత్రలో నా చట్టంలో లేదు. అప్పటికప్పుడు రాసేశాను. పొద్దున మూడు, మధ్యాహ్నం మూడు.

ఇప్పుడు ఈ చోట ఒక్క నిమిషం ఆగండి. ఏం జరుగుతోందో నాకు అప్పుడు తెలియదు, మీకైనా తెలియాలి. ఆ మాత్ర కొంతమందిలో, ఎప్పుడో ఒకరిలో, రోగాలతో పోరాడే రక్త కణాలను తుడిచిపెట్టేస్తుందట. నాలో అదే జరిగింది. కణాలు పోయాయి గనక గొంతు పుండు పడింది. పుండు పడింది గనక జ్వరం. జ్వరం గనక వణుకు. వణుకు గనక ఇంకో మూడు మాత్రలు. గోరుచుట్టు మీద రోకటిపోటు అని ఊరికే అనలేదు. కాకపోతే ఇక్కడ రోకలి ఎత్తింది నేనే, వేలు పెట్టింది నేనే, పోటు సరిగ్గా పడిందా లేదా అని కాగితం పెట్టి చూసుకున్నదీ నేనే.

"అత్తా, ఆ మాత్ర నిలిపి డాక్టరమ్మకి ఫోను చేద్దాం," అన్నది సుజాత, నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి.

"తెగులు ఎక్కువైనప్పుడు మందు నిలిపేవాళ్ళు ఉంటారా?" మాట గుసగుసలా వచ్చింది.

"కోతకి ముందు మందు నిలపాలని మీరే చెప్తారు గదా."

"ఇప్పుడు కోత ఎవరిది?"

సుజాత నా మొహం వైపే చూసింది. ఆ చూపులో జవాబు ఉంది. ఆ క్షణాన మొదటిసారి నాకు భయం వేసింది. భయంతో చెయ్యి మరింత వణికింది. అలవాటు కొద్దీ మాత్రల డబ్బా కోసం తలగడ కింద తడిమాను. డబ్బా లేదు. సుజాత కొంగున ముడి వేసుకుని నిలబడి ఉంది.

"ఇయ్యి," అన్నాను.

"ఇయ్యను అత్తా."

పదిహేనేళ్ళలో ఆ పిల్ల నా మాట కాదన్నది అదొక్కసారే. అప్పటికే వరదరాజు కారు వాకిట్లోకి తెచ్చాడు.

తేనిలో డాక్టరమ్మ గొంతులోకి ఒక్కసారి లైటు వేసి చూసి, ఇంకేమీ అడగకుండా రక్తం తీయించింది. ఫలితం వచ్చేదాకా నవ్వు మొహమే. వచ్చాక కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. "మాత్ర ఇంకొక్కటి కూడా వద్దు. ఈమె ఒంట్లో కాపలా కాసేవాళ్ళు ఎవరూ మిగల్లేదు," అని వరదరాజుకు చెప్పి, ఆ మధ్యాహ్నమే అంబులెన్సులో మదురై పెద్ద ఆసుపత్రికి పంపింది.

కంచె లేని తోట చూశారా మీరు? ఏ మేకైనా రావచ్చు. నేను ఆ తోటనయ్యాను. నన్ను ఒక్కదాన్నే ఒక గదిలో పెట్టారు. వచ్చేవాళ్ళందరూ మూతికీ చేతికీ ముసుగులు వేసుకునే వచ్చేవారు, కళ్ళు తప్ప ఏమీ కనిపించదు. రెండు చేతులకూ గొట్టాలు. తెల్ల కణాలు మళ్ళీ పుట్టడానికి పొట్ట మీద సూదులు. నోటిలో ఉమ్మి కూడా మింగలేను. సుజాతా వరదరాజూ అద్దం బయట. ఎదురు గదిలో ఒక ముసలాయన ఉండేవాడు, అద్దంలోంచి ఇద్దరం ఒకరినొకరం చూసుకునేవాళ్ళం, మాట్లాడుకోవడానికి ఇద్దరికీ నోరు లేదు. మూడో రోజు పొద్దున చూస్తే ఆయన పరుపు చుట్టి నిలబెట్టి, నేల కడుగుతున్నారు.

ఆ నేల ఆరేలోపు నాకు గుర్తొచ్చింది. ఆండాళు. అవినాశిలో ఫ్యాను ఆపుకుని, చెయ్యి చాచి, కాగితం పరుచుకుని కూర్చుని ఉంటుంది. నేను చెప్పాను గనక.

చెబుదామంటే మాట రాదు. నర్సు వస్తే చెయ్యి చాచి, మీద ఒక దూది పీలిక పెట్టుకుని, వద్దు వద్దని తల ఊపాను. ఆమె చలేస్తోందేమోనని ఇంకో దుప్పటి కప్పింది. మళ్ళీ చాచాను. మూడో దుప్పటి కప్పింది. నాలుగోది తెస్తుందన్న భయంతో, కాగితం కావాలని గాలిలో రాసి చూపించాను. ఆమె బయటికి పోయి చెప్పింది. అద్దం అవతల వరదరాజు మొహం పాలిపోయింది. వాడు భార్యతో అన్న మాట నాకు తరువాత తెలిసింది: "అమ్మ తోట ఎవరికని రాయబోతాండాది."

కాగితం, కలం వచ్చాయి. చావు దగ్గరికి వచ్చిన చేతికి బడిలో నేర్చినది రాలేదు, మా నాయన ఇసుకలో దిద్దించినదే వచ్చింది. వంకరటింకరగా తెలుగులో రాశాను. వరదరాజు దాన్ని అద్దం అవతల అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. వాడు చదివింది తమిళమూ ఇంగ్లీషూ. సుజాతదీ అంతే. ఇంట్లో రోజంతా తెలుగే మాట్లాడతారు, ఒక్క అక్షరం గుర్తుపట్టలేరు. ఆసుపత్రిలో ఎవరికీ రాదు. చివరికి వాడికి ఒక ఆలోచన వచ్చింది. మా వంశంలో మిగిలిన తెలుగు చదువరి ఇంకొకామె ఉంది, మా మామగారి దగ్గర నేర్చుకున్నామె, ఆండాళమ్మ. ఆ కాగితాన్ని ఫోటో తీసి ఆమెకే పంపాడు.

ఆండాళమ్మ ఫోను చేసింది. "ఒరే వరదా, తోట గురించి ఏమీ లేదు రా. నా పేరే ఉండాది."

"తోట నీకా అత్తా?" అన్నాడు వాడు.

"ఇల్ల రా, కాదు. 'ఆండాళూ, కాగితాన్ని నమ్మవద్దు, రక్తం చూపించుకో' అని రాసింది మీ అమ్మ."

ఆమె గొంతు అంతవరకు గట్టిగానే ఉందట. అక్కడ పగిలిందట. తరువాత తేరుకుని చెప్పింది: "వదినకి చెప్పు, నేను రెండే రోజులు చూస్తిని. ఈడ బనియన్లు ఆరేసేకి పెద్ద ఫ్యాను ఎప్పుడూ తిరుగుతా ఉంటాది. కాగితం పోయి పక్కింట్లో పడింది. వదిన అంత ఓపిక నాకి లేదని ల్యాబుకే పోతిని. డాక్టరు రెండు మాత్రలకి తగ్గిచ్చినాడు."

ఆ కబురు సుజాత అద్దానికి మూతి ఆనించి చెప్పింది. నవ్వుదామని నోరు తెరిచాను. పుళ్ళు చిట్లి రక్తం వచ్చింది. నా జీవితంలో అంత ఖరీదైన నవ్వు ఇంకోటి లేదు, అయినా దండగ అనిపించలేదు.

ఐదో రోజు కణాలు కొంచెం పైకి వచ్చాయన్నారు. ఎనిమిదో రోజు గంజి మింగాను. పదకొండో రోజు ఇంటికి పంపారు, ఆ మాత్ర ఈ జన్మకు నోట పెట్టకూడదని రాసిచ్చి. వేరే వైద్యం చెయ్యాలి, అది తేని డాక్టరమ్మే ఏర్పాటు చేస్తుందన్నారు.

మళ్ళీ ఆమె ముందు కూర్చున్నాను.

"ఎన్ని వేసుకున్నారు పాట్టి? నిజం చెప్పండి."

చెప్పాను. పీట, ఫ్యాను, కిటికీ, చట్టం, సవరణలు, అన్నీ. ఆమె మధ్యలో ఆపలేదు. చివర మాత్రం నెమ్మదిగా అన్నది: "వణుకు ఆకలికీ వస్తుంది, చలికీ, కోపానికీ వస్తుంది. జ్వరానికి మరీ వస్తుంది. ఇవాళ్టి మాత్ర ఇవాళ్టి వణుకును ఆపదు. లోపల ఎంత ఉందో రక్తం తప్ప ఇంకేదీ చెప్పలేదు. అందుకే చీటీ రాసిచ్చాను. అదేమైంది?"

"భద్రంగా ఉంది," అన్నాను. ఏ వస్తువూ పారేయని మనిషిని గదా. సంచి తీసి, మడతలు విప్పి బల్ల మీద పెట్టాను. రెండు నెలలు చేతి మీద పరిచి పరిచి అది ఉతికిన గుడ్డలా మెత్తబడిపోయింది.

"దీన్నేనా చేతి మీద పెట్టుకున్నది?"

"అవునమ్మా."

"రోజూ?"

"రోజూ."

ఆమె ఒక వేలితో చీటీని వెనక్కి తిప్పి నా ముందుకు జరిపింది. "చదవండి."

వెనక వైపు ముద్ర వేసి తమిళంలో నాలుగు వరుసలున్నాయి. మూడో తరగతి చదువుతో ఒక్కో అక్షరం కూడబలుక్కుని, పైకే చదివాను. గొంతు నొప్పి గాని, నోట్లో పుళ్ళు గాని, జ్వరం గాని వస్తే మాత్ర వెంటనే ఆపండి. అదే రోజు రక్తం పరీక్షకు రండి. రేపటికి ఆగవద్దు.

నా వెనక నిలబడ్డ సుజాత, ఆ మేకులాంటి మెత్తని గొంతుతో, ఎవరితోనో కాదు తనలో తాను అనుకున్నట్టు అన్నది: "పై మొగం అబద్ధం చెప్తాదని మామ చెప్తా ఉండె."

లోయలో ఉన్న ఆకులన్నీ తిప్పించినదాన్ని, ఒక్క చీటీ తిప్పలేదు. నన్ను బతికించే మాట అరవై పొద్దులు నా వేళ్ళ మీదే బోర్లా పడుకుని ఉంది. పాపం, నాకు వినిపించాలనే అంత వణికిందేమో.

తరువాత మదురైలో వేరే మందిచ్చి ఆ గ్రంథిని చల్లబరిచారు. ఇప్పుడది దాదాపు నిద్రపోయింది. అందుకని దానికి బదులు పనిచేసే ఇంకో రకం మాత్ర, పొద్దున్నే పరగడుపున, బతికినన్నాళ్ళూ. చెప్పిన రోజుకు రక్తం ఇస్తాను. కోత ఉన్నా ఇస్తాను. ల్యాబు పిల్ల సూది తీసుకునేలోపే చెయ్యి చాచి ఉంచుతాను, చెయ్యి చాచడంలో నాకంత అనుభవం ఉంది మరి.

ఇక ప్రమాణం. మా ఇంటి పెరుమాళ్ళ సాక్షిగా, మా ఆయన నాటిన మొదటి తీగ మొదలు పట్టుకుని చెప్తున్నాను. ఇకమీదట ఆకైనా, చీటీయైనా, పెళ్ళి శుభలేఖైనా, రెండు మొగాలూ చూడకుండా కింద పెట్టను. డాక్టరు చెప్పేటప్పుడు చెప్పులు వెతకను, రెండు చెవులూ అరిగిపోయినా సరే. నా చేతి మీద కాఫీ గ్లాసు తప్ప ఇంకేమీ నిలబెట్టను.

ఆ చీటీని సుజాత పారేయనివ్వలేదు. దారం కట్టి వంటింటి గుమ్మానికి వేలాడదీసింది. పైన తిరిగే ఫ్యాను గాలికి అది ఒకసారి ముందు వైపు, ఒకసారి వెనక వైపు చూపిస్తూ తిరుగుతుంటుంది. పొద్దున నేను మాత్ర చేతిలోకి తీసుకునే వేళకు సరిగ్గా నా మొహం ముందే గజగజ వణుకుతుంటుంది.

వణకనీ. నేను ఒక్కటే వేసుకుంటాను.